తాళాలడిగిన నాయనమ్మ

బడి బస్సులో నలభైమంది పిల్లలు ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు మెంగ్ వెయ్‌చూ తాళాలు చేతబట్టుకుని, డిపో గదిలో రిజిస్టరు మీద సంతకం పెట్టాడు. ఎదురుగా గోడ మీద బారెడు అక్షరాలతో నోటీసు ఉంది, వంతెన మూసేశారని.

"వంతెన మీదుగా ఇరవై నిమిషాల్లో దింపేస్తా," అన్నాడు తాపీగా, ఆ నోటీసు వైపే చూస్తూ.

డ్యూటీలు వేసే గుమాస్తా లింగ్‌షూ చేతిలోని పెన్ను పక్కన పెట్టేసింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, చేరి ఏడాదైనా కాలేదు. వారంగా ఉన్న అనుమానం నిజమే. ఆయనకు చూపు ఆనడం లేదు. దారులన్నీ కంఠతా వచ్చు కాబట్టి నెట్టుకొస్తున్నాడు.

మేనేజర్ గావ్ కూడా అంతా చూశాడు. చూసి, టీ గ్లాసులోకి తల దించేశాడు.

"సార్, ఆయన్ని ఆపండి," అంది గొంతు తగ్గించి.

"నాకు స్టీరింగ్ పట్టడం నేర్పిన గురువమ్మా ఆయన. దిగిపొమ్మని నా నోటితో ఎలా అంటాను? నువ్వు చెప్పు."

భలే పెద్దమనిషి! గురుభక్తి తనది, ప్రాణాలు పిల్లలవి.

"వెయ్‌చూ గారూ, ఈ పూట బస్సు తియ్యకండి. మీకు నోటీసు కనబడలేదు."

ఆయన మొహం కందిపోయింది. "నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నా. గుమాస్తా పిల్లవి, కాగితాలు చూసుకో," అని తలుపు వైపు నడిచాడు.

లింగ్‌షూదీ మెంగ్ వంశమే; వయసులో చిన్నదైనా, వంశవృక్షంలో ఆయనకంటే రెండు తరాలు పైన ఉంది. యాభై ఎనిమిదేళ్ల వెయ్‌చూ కొత్త సంవత్సరం నాడు, నాయనమ్మ వరస అని ఆమెకు వంగి దండం పెడితే డిపో అంతా పగలబడి నవ్వింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

ఇప్పుడు లేచి వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"వెయ్‌చూ! గుమాస్తా మాట వినకపోతే పోనీ. నీ నాయనమ్మగా చెప్తున్నా. తాళాలు ఇలా ఇవ్వు."

ఎవరూ నవ్వలేదు. వెయ్‌చూ తల వంచి, తాళాలు రెండు చేతులతో పట్టి ఆమె చేతిలో పెట్టాడు. గావ్ గభాలున లేచి మరో డ్రైవరు కోసం పరిగెత్తాడు.

హమ్మయ్య, గెలిచాననుకుంది లింగ్‌షూ.

వెయ్‌చూ మాత్రం అక్కడే నిలబడ్డాడు. "నాయనమ్మా, మా ఆవిడకి ఇంకా తెలీదు," అన్నాడు మెల్లగా. "ఇంటికెళ్ళి ఏం చెప్పను?"

పెద్దరికం తాళాలు పుచ్చుకోవడంతో అయిపోదని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. కోటు తీసుకుంది.

"పద, నేనొచ్చి చెప్తాను." ఆయన మోచెయ్యి పట్టుకుంది. "మెట్లున్నాయి, చూసుకో."

"ముప్పై ఏళ్లుగా ఎక్కి దిగుతున్నవేగా, నాకు తెలుసులే," అన్నాడాయన. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.