టీబీ లేదన్న కాగితం

మందలో గొర్రె దగ్గితే దాన్ని విడిగా కట్టేయాలి. మర్నాడూ దగ్గు తగ్గకపోతే సంతకు తోలేయాలి. వీరపునాయునిపల్లె పక్కన పుల్లన్న ఇంట్లో మూడు తరాలుగా ఇదే పద్ధతి. కొడుకు యువరాజ్‌కు చెవి మెలేసి మరీ నేర్పింది పుల్లన్నే. ఇప్పుడు ఇరాక్‌లో ఒక షేకు గొర్రెలు కాసి, అక్కణ్ణుంచి దగ్గుకుంటూ దిగిన తండ్రికి ఆ కొడుకు గొర్రెల దొడ్డి పక్కన మంచం వేశాడు. చదువు అబ్బకపోయినా ఈ పాఠం మాత్రం బాగా అబ్బింది.

పుల్లన్న భార్య అక్కమ్మ టీబీ అంటుకుంటుందని పళ్లెం దూరంగా పెట్టి వెనక్కి జరిగేది. మనవడు హర్షకు ఇంకా ఏడాది నిండలేదు. తాత పరాయి దేశంలో ఉండగా పుట్టాడు. వాణ్ణి ఒక్కసారి ఎత్తుకోవాలని పుల్లన్న ప్రాణం కొట్టుకుంటోంది. వాడు గడప దాకా పాకొస్తే అక్కమ్మ వాడి కాలు పట్టి లోపలికి లాగేసేది.

"టీబీ కాదే, పొగ. ఆడ యుద్ధంలో తుపాకులోళ్లు నూనె బావులు అంటించి పారిపోయినారు. మూడు నెల్లు పొద్దు కనపల్లే. తెల్లగొర్రెలు నల్లగయిపోయినాయి. షేకు లారీలు తెచ్చి వాటిని తోలుకపోయినాడు, నన్ను నీళ్ల తొట్లకు కాపలా పెట్టి."

"గొర్రెల్ని తీస్కపోయి మనిషిని ఎవురన్నా ఇడిసిపోతారా మామా? చెప్తే నమ్మేట్టుండల్ల" అంది అక్కమ్మ.

చివరికి పుల్లన్న ఒక్కడే బస్సెక్కి ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయాడు. పరీక్షకు కఫం ఇచ్చాడు, ఎక్స్‌రే తీయించుకున్నాడు. మూడో రోజు డాక్టరమ్మ టీబీ లేదని కాగితం చేతికిచ్చింది. పుల్లన్న రెండు చేతులెత్తి మొక్కాడు.

"మొక్కాకు పెద్దాయనా. టీబీ అయ్యుంటే ఆర్నెల్లు మందులు మింగితే పోయేది. నీ ఊపిరితిత్తులు పొగకు పాడైపోయినాయి. ఇంక బాగుపడవు. మళ్లీ ఆ పొగలోకి పోతే ఎక్కువ దినాలు ఉండవు."

ఆమె చెప్పినవాటిలో టీబీ లేదన్న మొదటి మాట ఒక్కటే ఇంటికి మోసుకొచ్చాడు పుల్లన్న. బాగుపడని గొర్రెను ఏం చేస్తారో అతనికి ఒకరు చెప్పాలా?

కాగితం చూడగానే ఇల్లు మారిపోయింది. అక్కమ్మ నీళ్లు కాచింది. సంగటి, నాటుకోడి పులుసు వండి, నడింట్లో పక్కన కూర్చుని వడ్డించింది. తిన్నాక హర్షను తెచ్చి ఒళ్లో వేసింది. వాడు మీసం పట్టి లాగుతుంటే, దగ్గు బయటపడకుండా బిగబట్టి పుల్లన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ ముసలి ప్రాణానికి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

యువరాజ్ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీశాడు.

"ఎవురికిరా?"

"ఏజెంటు కలీమన్నకు. షేకు కొత్త మంద కొన్యాడంట. టీబీ లేదని కాగితముంటే నిన్నే పంపియ్యమన్యాడు. గురువారం పోవాల."

"ఆ బావులు ఇంగా మండుతానే ఉండాయి గదరా."

"మండనీలే నాయనా. రోగమేమీ లేదని నువ్వే చెప్తివి గదా."

అక్కమ్మ అప్పుడే అటక మీది పెట్టె దించుతోంది.

ఊపిరితిత్తులు పాడైపోయాయని డాక్టరమ్మ చెప్పిన రెండో మాట పుల్లన్న నాలుక చివరి దాకా వచ్చింది. అది బయటపెడితే ప్రయాణం తప్పుతుంది. ఆ క్షణమే ఒళ్లోంచి పిల్లవాణ్ణి కూడా తీసేస్తారు. గురువారానికి ఇంకా నాలుగు రోజులుంది. పుల్లన్న నోరు మూసుకుని మనవణ్ణి గుండెకు హత్తుకున్నాడు.