హెడ్ కుక్ ఉడకబెట్టిన రెండు గుడ్లు

ముప్పై ఒక్క ఏళ్ళు ఉక్కు ఫ్యాక్టరీ కేంటీన్‌లో వంట చేసి, అందులో పధ్నాలుగేళ్ళు హెడ్ కుక్ అనిపించుకుని రిటైరైన శ్రీరామ్మూర్తికి, పక్కింటి పిల్ల వచ్చి సెల్‌ఫోన్‌లో గుడ్డు ఉడకబెట్టడం ఎలాగో చూపించబోయింది. మనిషికి ఇంతకన్నా అవమానం ఇంకేం కావాలి?

ఆ పిల్ల పేరు దేవిశ్రీ. బ్యాంకు పరీక్షకి చదువుకుంటోంది. పాపం, దాని మనసులో ఏ చెడూ లేదు. కంచరపాలెంలో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి కనక, వంటింటి కిటికీలోంచి మూడు రోజులుగా ఈయన అవస్థ చూస్తూనే ఉంది. చూసి చూసి శుక్రవారం పొద్దున్న ఉండబట్టలేక ఫోన్ పట్టుకుని వచ్చింది. రెండు నిమిషాల వీడియో అంకుల్, చాలా ఈజీ అంది.

"అమ్మాయ్, నాను మూడు షిఫ్టులకీ కలిపి రోజుకి నాలుగు వేల గుడ్లు ఉడకెట్టించినోణ్ణి. నాకు నువ్వు గుడ్డు నేర్పుతావా?" అని ఆయన తలుపు వేసేశాడు.

తలుపైతే వేశాడు గానీ, స్టవ్ మీద గిన్నెలో మాత్రం రెండు గుడ్లూ పగిలి, తెల్లసొన దారాలు దారాలుగా నీళ్ళలో తేలుతోంది.

మూడు వారాల కిందట ఆయన భార్య సన్యాసమ్మకి కడుపులో గడ్డ తీశారు. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ కుట్లు కింది వైపు మానడం లేదు. ఒంట్లో సత్తువ లేదమ్మా, అదీ సంగతి అన్నాడు డాక్టరు మొన్న మంగళవారం చూసి. రోజుకి రెండు గుడ్లు, బాగా ఉడికినవి, తప్పకుండా తినాలి. వచ్చే సోమవారం చూస్తాను, అప్పటికీ మూసుకోకపోతే మళ్ళీ మత్తిచ్చి, విప్పి, కొత్తగా కుట్టాలి అన్నాడు. ఆ మాటకి సన్యాసమ్మ మొహం పాలిపోయింది. మొదటిసారి మత్తులోంచి బయటికి రావడానికే ఆవిడ నానా యాతనా పడింది.

కూతురు సూర్యకళ రెండు వారాలుండి, బడిలో సెలవు అయిపోయి బొబ్బిలి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు, వంటకి ఎవరినైనా మాట్లాడి పెడతాను నాన్నా అంది. శ్రీరామ్మూర్తికి అరికాలి మంట నెత్తికెక్కింది. హెడ్ కుక్ ఇంట్లో కూలి వంటమనిషా, ఎవరైనా వింటే నవ్విపోతారు అని కసిరాడు. అన్నం, చారు ఎలాగో కుక్కర్లో పడేశాడు. వచ్చిన చిక్కల్లా గుడ్డుతోనే.

కేంటీన్‌లో గుడ్డు సంగతి వేరు. అక్కడ గంగాళాలకి ఆవిరి గొట్టంలో వస్తుంది. చిల్లుల బుట్టల్లో గుడ్లు దించి, వాల్వు తిప్పేసి, ఆయన టీ పని చూసుకునేవాడు. రెండు డ్రమ్ములు పాలు మరగాలి, పొడి వెయ్యాలి, వడకట్టి కేన్లలో పొయ్యాలి, కేన్లు ట్రాలీకి ఎక్కించాలి. ట్రాలీ గేటు దాటిందంటే గుడ్డు అయినట్టే. వాల్వు కట్టేసేవాడు. ఒక్క గుడ్డు పచ్చిగా వచ్చిందని ఎవడూ కంప్లైంట్ చెయ్యలేదు. గడియారం చూసి గుడ్డు ఉడకబెట్టవలసిన ఖర్మ ఆయనకెప్పుడూ పట్టలేదు. ఆ మాట ఆయనే గర్వంగా చెప్పుకునేవాడు కూడా.

బుధవారం నాడు ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాడు. ఒక బర్నర్ మీద గుడ్లు, రెండో దాని మీద ఇద్దరికీ టీ. టీ మరిగింది, వడకట్టాడు, గ్లాసు తీసుకెళ్ళి ఆవిడకిచ్చాడు, వచ్చి గుడ్ల కింద మంట ఆపాడు. పెంకు తియ్యబోతే సగం తెల్లసొన పెంకుతోనే ఊడొచ్చి, పచ్చసొన మణికట్టు మీదుగా జారింది. ఉన్నంతవరకూ కంచంలో వేసి ఇచ్చాడు. సన్యాసమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నీచు వాసనకి కడుపు తిప్పేసింది. కుట్ల మీద రెండు చేతులూ అదిమి పెట్టుకుని వాంతి చేసుకుంది. నొప్పికి నుదుటి మీద చెమటలు పట్టాయి.

శ్రీరామ్మూర్తికి భయం వేసింది. భయం వేస్తే ఆయనకి కోపం వస్తుంది. ఈ గ్యాసులో మంటే లేదు, సిలిండర్ కుర్రాడు మోసం చేశాడు అని కేకలేశాడు.

గురువారం అరగంట ఉడకబెట్టాడు. గిన్నె పక్కనే కాపలా కాశాడు. నీళ్ళు ఇగిరి అడుగంటే దాకా ఆపలేదు. పెంకు చెక్కి చెక్కి తీస్తే, కోసినప్పుడు పచ్చసొన చుట్టూ బూడిద రంగు వలయం, ఇల్లంతా ఒకటే కంపు. ఆవిడ నములుతూనే ఉంది, మింగుడు పడలేదు. సగం గుడ్డు పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక శుక్రవారం మరిగే నీళ్ళు కదా, తొందరగా ఉడుకుతాయని ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లు తీసినట్టే అందులో వదిలాడు. టప్పుమని రెండూ పగిలాయి. సరిగ్గా అప్పుడే దేవిశ్రీ ఫోన్ పట్టుకుని వచ్చింది.

ఈ మూడు రోజుల్లో సన్యాసమ్మ మంచం మీద నుంచి ఒక్క మాట అనలేదు. ఇలా చెయ్యండి అనలేదు, అలా వద్దు అనలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు వింటూ పడుకుంది, అంతే. దానికేం తెలుసు పాపం అనుకున్నాడాయన. ఎప్పుడూ అనుకునే మాటే అది. ఆదివారం ఇంట్లో గుడ్డు కూర చేస్తే, ముందు వేలితో గుడ్డు నొక్కి చూసి, "మా కేంటీన్ల కూలోళ్ళైనా ఇంతకన్నా బాగా ఉడకెడతారు" అనేవాడు. సూర్యకళ నిశ్చితార్థం నాడు వియ్యాలవారి ఎదురుగా అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆయనకది వేళాకోళం, పనిలో పనిగా పెళ్ళానికి పాఠం. వడ్డిస్తున్న మనిషి మొహం ఎలా ఉందో ఆయన చూసిన పాపాన పోలేదు.

కాబట్టి తప్పు గ్యాసుది కాకపోతే గుడ్డుది. గుడ్డుదైతే అమ్మినవాడిది. తేల్చుకుందామని, పగిలిన గుడ్లని స్టీలు గిన్నెలో వేసుకుని, సందు చివర వరహాలు కొట్టుకి నడిచాడు.

కొట్టు దగ్గర నలుగురైదుగురున్నారు. శ్రీరామ్మూర్తి గిన్నె బల్ల మీద పెట్టి, రోగిష్టి మనిషికి పెట్టే గుడ్లు ఇలాంటివా అమ్ముతావు, పెంకు రాదు, ఉడకదు, ముట్టుకుంటే పగులుతుంది, నీకు మనస్సాక్షి లేదా అని గట్టిగా దులిపేశాడు. వరహాలు గిన్నెలోకి చూశాడు, వాసన చూశాడు. తర్వాత నింపాదిగా అన్నాడు.

"ఇయి మంచి గుడ్లే బాబూ. మీరే కదా మొన్న తాజా ట్రేలోయి ఇమ్మన్నారు. తాజా గుడ్డు పెంకు వొదల్దు. మీ ఇంటమ్మ పదేళ్ళై నా కాడ కొంతంది. ఉడకెట్టడానికైతే వారం కిందటి ట్రే అడుగుద్ది, తాజాయి అట్టుకే. మీరు కేంటీన్ల సేసినోరు, మీకు తెల్దేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీరామ్మూర్తికి తల కొట్టేసినట్టయింది. తెలీదు. నిజంగానే తెలీదు. కేంటీన్‌కి సోమవారం లారీలో వచ్చిన గుడ్లు వారమంతా స్టోర్‌లో ఉండేవి. ఉడికిన బుట్టలు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళిపోయేవి. అక్కడ జోగమ్మా, ఇంకో అయిదుగురు కాంట్రాక్టు ఆడవాళ్ళూ కూర్చుని వొలిచేవాళ్ళు. వొలిచిన గుడ్లు ట్రేలలో తెల్లగా మెరుస్తూ తిరిగొచ్చేవి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చేత్తో ఒక్క గుడ్డు వొలవలేదు.

ఇంటికి వచ్చే దారంతా సిగ్గు కోపంగా మారింది. తెలుసన్నమాట. ఈవిడకి అంతా తెలుసు. మూడు రోజులుగా తను వంటింట్లో చెయ్యి కాల్చుకుంటూ, నీళ్ళు ఒలకబోసుకుంటూ అవస్థ పడుతుంటే, మంచం మీద పడుకుని వింటోంది తప్ప నోరు విప్పలేదు. పైగా ఆ సోమవారం రానే వస్తోంది. ఇదేం పంతం? ఎవరి మీద?

చెప్పులు విప్పకుండానే మంచం దగ్గరికి వెళ్ళాడు. వరహాలు అన్నదంతా గడగడా అప్పజెప్పి, నీకు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని నిలదీశాడు. పచ్చి గుడ్డు తిని వాంతి చేసుకున్నావు, కుట్లు తెగితే ఏమయ్యేది, నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనా అని అరిచాడు.

సన్యాసమ్మ మెల్లగా మోచేతి మీద లేచి దిండుకి ఆనుకుంది. ఆవిడ గొంతు పెంచలేదు.

"నాను సెప్తే ఏటంటారు మీరు?"

ఆయన ఏదో అనబోయాడు.

"నీకేటి తెలుసంటారు. ముప్పై ఏళ్ళై అదే మాట. ఆదోరం ఆదోరం అదే మాట. వియ్యపోరి ముందల అదే మాట. నా సేతి గుడ్డు తిననన్న రోజు ఒక్కటుందా? తినేసి అనీవోరు. వాంతయితే ఓ పూట బాధ. కుట్లు తెగితే మళ్ళీ కుట్టించుకుంతాను. ఇలగ పడున్న టైములో మీ సేత ఆ మాట మళ్ళీ పడ్లేనని నోరు మూసుకున్నాను."

ఇంత పొడుగు మాట ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడి అలిసిపోయి కళ్ళు మూసుకుంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. అది ఏడుపు కాదు, కోపం. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో కోపం తనొక్కడికే ఉంటుందనుకున్న మనిషి శ్రీరామ్మూర్తి. ఇప్పుడు దాన్ని ఎదురుగా చూశాడు. మళ్ళీ మత్తిచ్చి కోయించుకోవడం కన్నా తన మాట కష్టమైందా ఈ మనిషికి? ఎవరి మీద అరవాలో చూసుకుంటే, గ్యాసు వాడూ లేడు, వరహాలూ లేడు. తనే ఉన్నాడు.

చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టి వచ్చాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు.

"ఎలగో సెప్పు," అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచి, వేళాకోళమా నిజమా అని ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చెప్పింది. వరహాలు దగ్గరికి మళ్ళీ వెళ్ళి పాత ట్రేలోవి తెమ్మంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చన్నీళ్ళలోనే గుడ్లు వెయ్యాలి, పైన రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళుండాలి, చిటికెడు ఉప్పు. బుడగలు వచ్చాక మంట తగ్గించి, గడియారం చూసి పది నిమిషాలు. దించి, వేడినీళ్ళు వంపేసి, చన్నీళ్ళు రెండుసార్లు మార్చాలి. గుడ్డుకి వెడల్పు వైపు లోపల కాస్త ఖాళీ ఉంటుంది, అక్కడ కొట్టి, నీళ్ళలో ముంచి వొలిస్తే పెంకు పొరతో సహా వచ్చేస్తుంది.

ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చన్నీళ్ళు ఎన్నిసార్లు అన్నావని మాత్రం అడిగి, మళ్ళీ చెప్పించుకున్నాడు.

కొట్టుకి రెండోసారి వెళ్ళడం మొదటిసారి కన్నా కష్టమైంది. పాత ట్రేలో నాలుగివ్వమంటే, వరహాలు ఏమీ అనకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. నవ్వినా బాగుండేది.

నీళ్ళు పోశాడు, గుడ్లు దించాడు, వేళ్ళు పెట్టి ఎత్తు కొలిచాడు. బుడగలు వచ్చాక మంట తగ్గించి గోడ గడియారం వైపు తిరిగాడు. పది నిమిషాలు ఇంత పొడుగుంటాయని ఆయనకి తెలీదు. అలవాటుగా చెయ్యి టీ గిన్నె మీదికి వెళ్ళింది. పాలు పోసి పక్క బర్నర్ మీద పెట్టాడు. టీ మరిగింది, పొంగింది, దించాడు, వడకట్టాడు. గడియారం చూస్తే నాలుగు నిమిషాలే అయింది.

షిఫ్టు మొత్తానికి టీ కాచేంత సేపట్లో అక్కడ గుడ్డు ఉడికేది. ఇక్కడ తాగేవాళ్ళు ఇద్దరు. ఈ మాత్రం తట్టని బుర్రతో ఇన్నేళ్ళు ఆవిడకి పాఠాలు చెప్పాడు. ఛీ అనుకున్నాడు పైకే. కిటికీ అవతల దేవిశ్రీ తల తిప్పుకుంది.

మిగతా ఆరు నిమిషాలూ గడియారం కిందే నిలబడి చూశాడు. చన్నీళ్ళు రెండుసార్లు మార్చాడు. వెడల్పు వైపు కొట్టి, నీళ్ళలో ముంచి బొటనవేలితో తోశాడు. పెంకు ఒకే పొరగా జారి చేతిలోకి వచ్చింది. అరవై రెండేళ్ళ వయసులో, అంత నున్నటి గుడ్డు తన చేత్తో వొలవడం ఆయనకదే మొదటిసారి. రెండూ సగాలుగా కోస్తే లోపల పచ్చసొన బంతిపువ్వు రంగులో గట్టిగా ఉంది. మిరియాల పొడి, కాస్త ఉప్పు చల్లి, కంచం తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

సన్యాసమ్మ ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆయన స్టూలు మీద కూర్చోలేదు. మంచం పక్కనే నిలబడ్డాడు. నమిలింది, మింగింది. చెయ్యి కడుపు మీదికి వెళ్ళలేదు.

"ఎలగుంది?" అన్నాడు.

ఆవిడ మంచినీళ్ళు తాగింది. ఇంకో ముక్క తీసుకుంది. తొందరేమీ లేకుండా తినసాగింది. ఆయన ఆ మొహం వైపే చూస్తున్నాడు, ఏదో ఒక మాట, బాగుందనో, ఉప్పెక్కువైందనో, ఏదైనా ఒక మాట అంటుందని. నాలుగు సగాలూ అయిపోయాయి. ఆవిడ కంచం ఆయన చేతికిచ్చి, దిండు సర్దుకుని పడుకుంది.

శ్రీరామ్మూర్తి రెండోసారి అడగకుండా, కంచం కడగడానికి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు.