శ్యామలాదేవి స్కీలు

నందిగామ శివారులో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుకి ఆదివారం సెలవు. కూలీలు రారు, మిషన్లు తిరగవు. మిల్లు వెనక ఇంట్లో ఉండే శ్యామలాదేవి పొద్దున్నే తనొక్కదానికే ఇంత అన్నం వండుకుని వరండాలో కూర్చునేది. మిల్లు పెట్టిన భర్త సుబ్బరాయుడు పోయిన దగ్గర్నుంచీ అంతే.

ఆదివారం తెల్లవారేసరికి ఆవరణలోని పత్తి కుప్ప మంచు కుప్పయ్యేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గిన్నెలు తెచ్చి, మజ్జిగలోకని కొంత, జ్వరమొచ్చిన పిల్లల నుదుటి మీదకని కొంత తీసుకెళ్ళేవాళ్ళు. సాయంత్రానికి మళ్ళీ పత్తే. తడి కూడా తగిలేది కాదు.

రెండువేల మూడులో లారీ డ్రైవరు హారూన్ యాపిల్స్ లోడుకని మనాలి దాకా వెళ్ళి, మంచు మీద జారడానికి కాళ్ళకి తగిలించుకునే పొడుగు పట్టీలు, ఒక జత స్కీలు, వాటి బూట్లు తెచ్చాడు.

"మీ మంచు గుర్తొచ్చి తెచ్చానమ్మా. ఇవి కొండ మీంచి రయ్యిన దిగేవి కాదంట, ఆడుకునేవంట. అక్కడ దిబ్బలూ ఇనప కమ్మీలూ పెట్టిన పార్కులుంటాయి, వాటి మీద గెంతుతారు. రెండు చివర్లూ పైకి వంగున్నాయి చూడండి. వెనక్కైనా జారొచ్చు."

"ఈ వయసులో నాకెందుకయ్యా" అంటూనే తీసుకుంది.

బూట్లు వదులైతే పత్తి కుక్కింది. చీర ఎగ్గట్టింది. మొదట్లో పడటమే పని. అయినా ఆ స్కీలు మెత్తనివి. అడుగు తప్పినా విసిరికొట్టేవి కాదు, మధ్యలో పచ్చి వెదురులా వంగి మళ్ళీ లేపేవి. వేగం పెరిగితే మాత్రం కొసలు టపటపా కొట్టుకునేవి. నెమ్మదిగా పోతే చెప్పినట్టు వినేవి. కాటా పక్కన పడున్న పాత పైపు మీద అడ్డంగా జారడం కూడా వచ్చింది. ఆ సంగతి చెప్పుకోడానికే ఎవరూ లేరు.

మాఘంలో ఒక ఆదివారం మరిది తిరుపతిరావు జగ్గయ్యపేట నుంచి కారేసుకొచ్చాడు.

"ఒక్కరూ ఇక్కడెందుకు వదినా? మిల్లు లీజుకిచ్చేద్దాం. మా వెనక గదికి సున్నం వేయించా."

శ్యామలాదేవి లోపలికెళ్ళింది. బట్టలు సర్దుకుంది. "కాసేపు కూర్చో, వస్తా" అని స్కీలు పట్టుకుని కుప్పెక్కింది.

జారి, లారీలకి లోడెత్తే ర్యాంపు మీంచి గెంతింది. గాల్లో ఒళ్ళు దానంతటదే సగం తిరిగింది. గోడవతల హైవే మీద లారీలు కనపడ్డాయి. వెనక్కి తిరిగున్నట్టే దిగింది. స్కీలు వంగి, ఆమె బరువుని మెల్లగా మంచులోకి దింపాయి. ఎటు పోతోందో చూడకుండానే జారిపోతోంది. భయమెయ్యలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు తనదేనా అనిపించింది.

"నేను రాను తిరుపతీ" అంది, బూట్లు విప్పుకుంటూ.

"కాలో చెయ్యో విరిగితే?"

"కబురు పెడతాలే."

అతను కాఫీ తాగి, ఒక చెంబెడు మంచు అడిగి పట్టుకెళ్ళాడు. పొద్దుగూకాక ఇల్లు ఎప్పట్లాగే బావురుమంది. ఆమె రేడియో పెట్టి, కాసేపటికి కట్టేసింది.

మర్నాడు హారూన్ వచ్చాడు.

"మళ్ళీ మనాలి లోడు తగిలిందమ్మా. ఏమన్నా తేవాలా?"

"ఇంకో జత దొరికితే పట్రా."

"ఎవరి కొలతకండి?"

ఆదివారాలు ఆడవాళ్ళు గిన్నెలతో వచ్చే గేటు వైపు చూసింది ఆమె.

"ఏ కొలతైనా సరే."