అద్దె తీసుకోని ఊరు

రాజపాళయంలో ఇల్లు దొరకడం సులువని మా ఆయనకు ఎవరు చెప్పారో గానీ, ఆ మనిషి ఎదురుపడితే కడిగేయాలని ఉంది.

బెంగళూరులో మా ఓనరు ఏటా అద్దె పెంచుతూ పోయాడు. నీళ్ళ ట్యాంకరు కోసం కొట్లాట, పాప స్కూలు వ్యాను కోసం కొట్లాట. మా ఆయన ఆనందరాజ్‌ను ఆఫీసువాళ్ళు ఇంట్లోంచే పని చేసుకోమన్నారు గనక, ఖర్చు తక్కువున్న ఊరికి మారిపోదామని ఇద్దరం అనుకున్నాం. ఆయనది కోయంబత్తూరు. అక్కడా అద్దెలు మండిపోతున్నాయి. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఊళ్ళన్నీ పోల్చి చూసి, "మీ రాజపాళయమే మేలు కార్తీకా. ఆడ నీకు అందరూ సొందమే గదా, ఒక్క దినంలో ఇల్లు సిక్కుతుంది" అని తేల్చేశారు.

సొందం అంటే మా వైపు చుట్టరికం. అరవనాడులో ఉన్నా, ఊళ్ళోని తెలుగువాళ్ళమంతా చుట్టాలమే. అదే కదా నా ఖర్మ.

నేను ముందుగా వచ్చి ఇల్లు చూడాలి. మన ఆషాఢంలాంటి ఆడి నెల పుట్టేలోపు అందులో పాలు పొంగించాలి. ఆడిలో ఇక్కడ ఎవరూ ఇల్లు మారరు, ఎవరినీ మారనివ్వరు. బెంగళూరు ఇంటికి అప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సు కట్టేశారు. లారీ కూడా మాట్లాడేశాం. ఇల్లు కుదరకపోతే మా సామాను నడిరోడ్డు మీద పడుతుంది.

దిగడం కల్యాణసుందరి అత్త ఇంట్లో దిగాను. మా మేనమామ భార్య. మామ పోయాక ఆ ఇంట్లో ఆమె మాటే మాట. నేను బస్సు దిగి కాఫీ తాగేలోపే, మాటను నొక్కడానికి మావాళ్ళు తగిలించే 'దా'తో సహా మొదలుపెట్టింది.

"ఏల కార్తీకా, వీధివీధీ తిరగాల? మన మేడ ఊరకనే దా ఉండాది. పోయినేడు దా పెయింటు కొట్టించినాము. మీరు వచ్చి ఉండండి. నీకాడ నేను వాడగ అడుగుతానా?"

"అద్దె అడగవనే వద్దత్తా" అన్నాను.

ఆ మేడ నాకు తెలుసు. నేను పెరిగింది దానిమీదే. మిల్లు మూతపడి నాన్న పని పోయినప్పుడు మామ మమ్మల్ని తీసుకొచ్చి అక్కడ పెట్టాడు. ఊరకనే. తెల్లారకముందే అమ్మ కిందికి దిగి అత్త వంటింట్లో పిండి రుబ్బేది, కూరలు తరిగేది, పండగొస్తే అందరూ తిన్నాక తినేది. పని చెయ్యమని ఎవరూ అనలేదు. వద్దనీ ఎవరూ అనలేదు. నాన్న మెట్లెక్కేటప్పుడు చప్పుడవుతుందని చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. ఇన్నేళ్ళకు ఈ ఊరికి తిరిగొస్తూ నేను కోరుకుంది ఒక్కటే. నెల పుట్టగానే అద్దె చేతిలో పెట్టి, నా తలుపు నేను వేసుకునే ఇల్లు. ఎంత చిన్నదైనా సరే.

మొదట చూసింది కృష్ణసామి అనే ఆయన ఇల్లు. అత్త వెంట వస్తానని పట్టుబట్టింది. "అక్కడ నోరు తెరవకత్తా" అని బతిమాలి తీసుకెళ్ళాను. రెండు గదులు, మంచి గాలి, పైకెక్కితే కొండలు కనిపిస్తాయి. నాకు తెగ నచ్చేసింది.

"ఎవురింటి పిల్లమ్మా నువ్వు?" అన్నాడు ఆయన.

"బెంగళూరు నుంచి వస్తాండామన్నా" అన్నాను.

అత్త నోట్లో నువ్వుగింజ నానదు. "ఏమి కృష్ణసామీ, తెలీలేదా? మన తళవాయిపురం పెద్దమ్మ మనవరాలు గదా! నీకు చెల్లెలు వరస!"

ఆయన మొహం వెలిగిపోయింది. నా ఇల్లు ఆరిపోయింది.

కాఫీ వచ్చింది, మురుకులు వచ్చాయి, మా అమ్మ పెళ్ళి పందిట్లో ఆయన జారిపడిన కథ వచ్చింది. అద్దె మాట ఎత్తగానే మాత్రం చేతులు అడ్డంగా ఊపాడు.

"చెల్లెలికాడ వాడగ తీసుకొంటే ఊరు నవ్వదా?"

"నవ్వనీ అన్నా. నేను సంతోషంగా దా ఇస్తాను."

"అది కుదరదమ్మా. రేపు మోటరు చెడిపోతే నువ్వు నాకాడ ఎట్ల జగడం పడతావు? వాడగ ఆలస్యమైతే నేను నిన్ను ఎట్ల అడుగుతాను? సొందానికి వాడగకు ఇచ్చేది మనలో లేదు. కావాలంటే మా ఇంట్లో ఎన్ని దినాలైనా ఊరకనే ఉండు."

ఊరకనే. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి అత్తను నిలదీస్తే, "ఏమి, నేను అబద్ధం చెప్పినానా?" అని నామీదే తిరగబడింది.

ఆ తర్వాత కాళ్ళరిగేలా తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ అదే వరస. ఒకచోట నేను కోడలినయ్యాను, ఒకచోట పిన్నినయ్యాను, ఇంకోచోట నాకంటే పెద్దాయనకు అత్తనయ్యాను. ఎక్కడా అద్దెకుండే మనిషిని మాత్రం కాలేకపోయాను.

ఇలా కాదని సత్రపట్టి రోడ్డులో తమిళ్‌సెల్వన్ అనే అరవాయన ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళకూ మాకూ ఏ వరసా లేదు గదా అని నా ధైర్యం. అత్తను ఆటోలోనే కూర్చోబెట్టాను. అంతా సవ్యంగా నడుస్తుండగా మా ఆయన ఫోను. తెలుగులో రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను. తమిళ్‌సెల్వన్ భార్య అముదా నన్ను ఎగాదిగా చూసింది.

మీరు ఈ ఊరి తెలుగువాళ్ళేనా అని అరవంలో అడిగింది. అవునన్నాను. ఊళ్ళో సగం ఇళ్ళు మీవాళ్ళవే, వాళ్ళే ఇవ్వలేదంటే ఏదో తగాదా ఉండి ఉంటుంది, మాకెందుకమ్మా ఆ గొడవ అని నవ్వుతూనే వాకిలి చూపించింది. ఏం చెప్పాలి ఆమెకు? మావాళ్ళు నన్ను మరీ ఎక్కువగా ప్రేమిస్తున్నారని చెప్పాలా?

సాయంత్రం మా ఆయన మళ్ళీ ఫోను చేశారు. "ఇంకా సిక్కలేదా? అత్త మేడకు ఏమి కొదవ? కొన్ని నెలలు ఉండి తర్వాత చూసుకొంటాము గదా."

"మీరు ఆ మేడ మీద పెరగలేదు" అని ఫోను పెట్టేశాను. ఆయన్ని అని లాభం లేదని తెలుసు. అయినా ఎవరో ఒకరి మీద అరవాలి గదా.

మర్నాడు గుడికని చెప్పి ఒంటరిగా బయటపడ్డాను. జయప్రియ అనే ఆమె ఇంటి మేడ ఖాళీగా ఉందని పాలబూత్ దగ్గర విన్నాను. ఆమె భర్తకు బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. ఆమె తెలుగులో పలకరిస్తే నేను అరవంలో జవాబిచ్చాను. ఏ ఊరంటే కోయంబత్తూరన్నాను. మా ఆయన ఊరే గదా, పూర్తి అబద్ధమేం కాదు. ఆమె వెంటనే అరవానికి మారి, అద్దె చెప్పి, మేకులు కొట్టకూడదని చెప్పి, అడ్వాన్సు లెక్క చూసుకుని తాళం చేతిలో పెట్టింది. అంత ముక్తసరిగా నాతో ఈ ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు. ఆనందంతో ఆమెను వాటేసుకోబోయి ఆగాను.

ఇల్లెవరిదో నేను చెప్పకపోయినా, సంగతి తెలిసి అత్త అలిగింది. "పాలు పొంగించేటప్పుడు పుట్టింటి మనిషి లేకుండా ఎట్ల? నేను కట్టాయం వస్తాను" అంది. కట్టాయం అంటే తప్పనిసరి. కాదనలేకపోయాను. అక్కడ అరవంలోనే మాట్లాడాలని షరతు పెట్టాను. "మంచి కార్యంలో నేను అరవం మాట్లాడాల్నా?" అని గొణిగి, ఇత్తడి దీపం, ఉప్పు, పసుపు సంచిలో వేసుకుని బయల్దేరింది.

ఆ పొద్దున పొయ్యిమీద పాలు పెట్టాం. మా ఆయనా పాపా లారీ వెనకే బెంగళూరులో బయల్దేరిపోయారు. జయప్రియ పూలు పట్టుకుని పైకొచ్చి, అత్తను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కల్యాణక్కా! నువ్వేమి ఈడ?"

అత్త జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది. కానీ ఆలస్యమైపోయింది. జయప్రియ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, క్షణంలో వరస కట్టేసింది.

"అయితే నువ్వు తళవాయిపురం పెద్దమ్మ మనవరాలివా? నాకాడ అరవం మాట్లాడి ఏమార్చినావే! మీ అమ్మమ్మ చేతి అన్నం తిని పెరిగినాను నేను!"

గబగబా కిందికి దిగి, నేనిచ్చిన అడ్వాన్సు కవరు తెచ్చి పొయ్యి పక్కన గట్టుమీద పెట్టింది. "ఇది నువ్వే పెట్టుకో. నీకాడ దుడ్డు తీసుకొని నేను యాడికి పోయేది? ఊరకనే ఉండు."

ఆమె కళ్ళలో నీళ్ళు. మోసం లేదు, గొప్పలు లేవు. చెడ్డమనిషైతే కొట్లాడేదాన్ని. ఇంత మంచితనంతో ఎలా కొట్లాడాలి? పాలు అంచుల దగ్గర నురగ కడుతున్నాయి. నేను పొయ్యి ఆర్పేశాను.

"అయ్యో, పొంగకముందే ఆర్పినావా!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నాకు ఈ ఇల్లు వద్దక్కా. లారీని యాడన్నా నిలబెట్టుకొంటాము. ఊరకనే ఉండేది నాచేత కాదు." కోపంతో ఏడుపు తన్నుకొచ్చింది.

జయప్రియ మొహం నల్లబడింది. "అంత పొగరా నీకు? సొందం వద్దా?"

అత్త మెల్లగా నేలమీద కూర్చుంది.

"జయప్రియా, ఆ దుడ్డు తీసుకో."

"ఏమక్కా, నువ్వు గూడానా?"

"తీసుకో. వీళ్ళమ్మను నేను ఊరకనే దా పెట్టుకొన్నాను. వాన వస్తే ఆ మేడ కారుతా ఉండింది. మీద గిన్నెలు ఇటూ అటూ జరిపే చప్పుడు కింద నాకు వినిపిస్తానే ఉండింది. తానే వచ్చి చెప్పనీ, అప్పుడు చూస్తాము అని ఉంటిని. ఆమె చెప్పలే. ఊరకనే ఉండే మనిషికి చెప్పేదానికి నోరు యాడిది? వాడగ కట్టింటే వచ్చి నాకాడ జగడం పడుంటుంది. ఆమె పోయినాక దా నేను మేస్త్రీని పిలిచినాను."

ఆ గిన్నెలు జరిపింది నేనే. అమ్మ నీళ్ళు పారబోసేది, నేను మళ్ళీ చినుకు కింద గిన్నె పెట్టేదాన్ని. అత్తకు తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆమెను ఎంతో కొంత క్షమించింది కూడా ఆ నమ్మకంతోనే. ఇప్పుడు ఆమె మొహం చూడలేనంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే, ఈ మాట పరాయి వంటింట్లో నాకోసం తన నోటితో తానే చెప్పుకుందని కూడా తెలుస్తూనే ఉంది.

జయప్రియ ఆ కవరు తీసి నడుము దగ్గర దోపుకుంది. "పాలు పొంగించు. మంచి గడియ దాటిపోతాంది" అంది.

మళ్ళీ పొయ్యి వెలిగించాను. పాలు పొంగి గట్టంతా పారాయి. గ్లాసుల్లో పోసి మొదటిది అత్తకిచ్చాను. ఆమె నావైపు చూడకుండా అందుకుంది. నేను కళ్ళు తుడుచుకుని జయప్రియ వైపు తిరిగాను.

"అక్కా, పడకింటి కిటికీకి గొళ్ళెం పడలేదు. లారీ వచ్చేలోపు బాగు చేయించాల."

"పాలు పొంగి ఇంకా ఆరలే, అప్పుడే మొదలుపెట్టినావా?" అని సణుగుతూ ఆమె వడ్రంగికి ఫోను చేసింది.