పంజా మీద దెబ్బ

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బల్ల మీదికి రాక్షసులు దిగుతారు. దించేవాడు మా తమ్ముడు. వాడు కథ చెబుతుంటే మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని ఆ కథలో నడుస్తారు. కొట్టాలన్నా, దూకాలన్నా, అబద్ధమాడి తప్పించుకోవాలన్నా ఇరవై ముఖాల పాచిక వేసి చూసుకోవాలి. మా అమ్మాయి మంత్రగత్తె, మా ఆయన యోధుడు. నేను ఆడను. పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ అడ్డమైన ప్రశ్నలన్నీ వేస్తుంటాను.

ఈ ఆట మా ఇంటికి వచ్చింది మా ఆయన వేలి కోసం. ఆయనా తమ్ముడూ కలిసి వడ్రంగి షాపు నడుపుతారు. పోయిన ఏడాది రంపం మిషను ఆయన కుడిచేతి బొటనవేలు తీసేసుకుంది. డాక్టర్లు ఎడమకాలి రెండో వేలిని తీసి ఆ చోట అతికించారు. చిన్న చిన్న వస్తువులు పట్టుకుని అలవాటు చేసుకోమంటే తమ్ముడు ఈ పాచికల డబ్బా తెచ్చాడు.

వేలు అతుక్కుంది. సన్నగా, ఎవరో చిన్నపిల్లవాడి దగ్గర అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. మొదట్లో దాన్ని ముట్టుకుంటే కాలు ముట్టుకున్నట్టుందనేవారు. నాకు అదొక వింత. ఆయన్ని కళ్ళు మూసుకోమని, వేలి మీద దూదితో రాసి, ఎక్కడ తగిలిందో చెప్పమనేదాన్ని. "కాలు" అనేవారు. కొన్నాళ్ళకి "కాలో చెయ్యో" అన్నారు. ఆ తర్వాత విసుగొచ్చి దూది కనిపిస్తే చాలు లేచి వెళ్ళిపోయేవారు. ఆ ప్రశ్న నాకు అలాగే మిగిలిపోయింది.

ఆటలో యోధుడికీ చెయ్యి పోయింది. ఆయనే కావాలని పోగొట్టుకున్నారని నా అనుమానం. మంత్రగత్తె ఒక చచ్చిన రాక్షస డేగ పంజా తెచ్చి అతికించింది.

షాపులో మాత్రం ఆయనకి ఉలి లేదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ తమ్ముడు ఆయన్ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, కొలతలు అడగడం, మహా అయితే ఉప్పుకాగితం పట్టి చెక్క నునుపు చేయడం. మొన్నొక ఆదివారం, తెల్లారితే ఒక పెద్ద గుమ్మం పని మొదలు కావాలి. చెక్కుడు పనంతా చేతి పనే, ఎప్పుడూ ఆయన చేసేదే. దానికి బయటి మనిషిని మాట్లాడుతున్నానని, సాయంత్రం ఫోన్ చేసి ఖాయం చేస్తానని భోజనాల దగ్గర తమ్ముడు అన్నాడు. ఆ మనిషి వస్తే నిలబడేది మా ఆయన పనిబల్ల ముందే. ఒకసారి నిలబడ్డవాణ్ణి కదపడం కష్టం. మా ఆయన కంచం ముందు నుంచి లేచారు. చెయ్యి కడుక్కుని వచ్చి పాచికలు బల్ల మీద పోశారు.

ఆ రోజు వంతెన మీద రాక్షసులు అడ్డం వచ్చారు. ఒకడు యోధుడి తల మీద కొట్టాడు, ఒకడు కాళ్ళ మీద. మూడోవాడు పోయి పోయి గుర్రాన్ని కొట్టాడు. దుప్పటి మడతపెడుతున్న నాకు ఉండబట్టలేదు.

"ఆ పంజాని ఎవరూ కొట్టరేంట్రా?" అన్నాను.

దాన్ని చూస్తేనే భయం కదక్కా, ఎవడు దగ్గరికొస్తాడని తమ్ముడు దాటేయబోయాడు. అమ్మాయి ఊరుకోక రూల్స్ పుస్తకం తిప్పింది. అతికించిన అవయవం మీద విడిగా గురి పెట్టొచ్చట. తగలడం కొంచెం కష్టం. దానికి ప్రాణం వేరే ఉంటుంది. అది అయిపోతే ఊడి పడిపోతుంది, ఒంటికి మాత్రం ఏమీ కాదు. ఒక్కటే షరతు, అది అతికించిందని శత్రువుకి తెలిసి ఉండాలి.

అలాగైతే మన చుట్టాలందరూ గురి పెట్టొచ్చన్నమాట అన్నాను. గుమ్మంలో చెప్పులు విప్పకముందే వేలు చూపించమంటారు అందరూ. అమ్మాయి పకపకా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. తమ్ముడి వంక చూస్తున్నారు.

"ఏరా, నీ రాక్షసులకి నా మీద ఇంత జాలేంట్రా?"

"జాలేముంది బావా. వాళ్ళకి తెలీదు."

"తెలీదా? పోయిన వారం సంతలో పంజా ఎత్తి అందరికీ చూపించాను కదా. నీ మొండిముక్కు రాక్షసుడు ముందు వరసలో నిలబడి చూశాడని నువ్వే చెప్పావు."

తమ్ముడు పాచికని అరచేతిలో దొర్లిస్తూ కూర్చున్నాడు.

"కొట్టు," అన్నారు మా ఆయన.

"ఊడిపోతే మళ్ళీ అతుక్కోదు బావా," అన్నాడు వాడు మెల్లగా.

వాడు దేని గురించి అంటున్నాడో మా అందరికీ తెలుసు. ఆ రోజు మిషను ఆపింది వాడే. వేలు వెతికిందీ వాడే.

"కొట్టరా."

పాచిక పడింది. తగిలింది. పంజా ప్రాణం సగానికి పైగా పోయిందని, యోధుడికి మాత్రం ఏమీ కాలేదని అమ్మాయి లెక్క చెప్పింది.

"అది తప్పు. నాకూ పోవాలి," అన్నారాయన.

"నాన్నా, ఈ రూల్ నీకే లాభం!"

"ఎవడిక్కావాలే లాభం. నా చేతికున్నదాన్ని కొడితే నాకు నొప్పి లేదంటే, ఇంక అది నాది ఎప్పుడవుతుంది?"

అమ్మాయి పుస్తకంలోకి చూసింది. తమ్ముడు ఇన్ని నెలల్లో ఎన్నడూ అడగనిది అడిగాడు.

"నిజంగా ఎక్కడ నొప్పెడుతుంది బావా?"

మా ఆయన చెయ్యి చాపి బల్ల మీద పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. "నొక్కి చూడు."

వాడు ముందు వేలికొసతో తాకాడు. తర్వాత గోరు ఆనించి గట్టిగా నొక్కాడు. నా చేతిలో మడత సగంలో ఆగిపోయింది. నా దూదికి దొరకని జవాబు వాడి గోటికి దొరుకుతుందా అని చూస్తున్నాను.

"చెయ్యి," అన్నారాయన. కళ్ళు తెరిచి, "కాలికేం తెలీలేదు. నువ్వు ముందు ఆ గోరు తీయించుకో," అన్నారు.

ఆ పూటే మా ఇంటికో కొత్త రూల్ వచ్చింది. నొప్పి తెలిసిన అతుకు సొంతం కిందే లెక్క, దాని దెబ్బలో సగం ఒంటికి. వెంటనే లెక్కేస్తే యోధుడు వంతెన మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గెలిచే ఆట పాడు చేశావని అమ్మాయి సణిగింది. ఆయన మాత్రం దర్జాగా వెనక్కి వాలి కూర్చున్నారు.

తమ్ముడు జేబులోంచి ఫోన్ తీశాడు. చూశాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"పొద్దున్నే గుమ్మం చెక్క దింపిస్తా. చెక్కుడు నువ్వు చూడు బావా. మిషను మాత్రం నేనే నడుపుతా, దానికి వాదించకు."

"వాదించను," అన్నారు మా ఆయన. "ఊఁ, కానివ్వు. నీ వంతే."

వాడు పాచిక తీసుకున్నాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే పంజాకి గురిపెట్టాడు.