దారం పట్టి చూస్తే

ఆ శనివారం సాయంత్రం ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో అమ్మ అరుణ, వాకిట్లో మంచం మీద నానమ్మ కొమురమ్మ, ముందుగదిలో నిన్ననే హైదరాబాద్ నుంచి వచ్చిన అన్న మిథున్, పెరట్లో సైకిల్ ముందు గొంతుక్కూర్చున్న సౌమ్య. నాయిన చెల్పూర్‌లో డ్యూటీ మీద ఉన్నాడు. అంటే సైకిల్‌ను చెడగొట్టింది ఎవరో ఇంట్లోవాళ్లే.

తెల్లవారితే భూపాలపల్లిలో సైకిల్ పోటీ. అన్న తోడు వస్తేనే పంపుతానంది అమ్మ. "ఉన్నది ఒక్క ఆదివారం, అది గూడ దీనికేనా" అని అన్న గొణగడం సౌమ్య విన్నది. అయినా పట్నం నుంచి పెడళ్లు బిగించే కొత్త క్రాంకులు, వాటిని మోసే యాక్సిల్ తెచ్చి నిన్న సాయంత్రం బిగించాడు. పొద్దున తొక్కితే ఊరు దాటకముందే చైన్ ఊడిపడింది. ఎక్కిస్తే మళ్లీ పడింది.

నిన్న చీకటి పడుతుంటే అన్న కాగితంలో ఏదో చుట్టి బ్యాగులో దాచాడు. కాగితం చివర ఇనుము కనిపించింది.

సౌమ్య వెళ్లి అమ్మ కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తెచ్చుకుంది. పెడళ్ల దగ్గరి పళ్లచక్రం చెంపకు ఆనించి, వెనక చక్రం పళ్లదాకా బిగువుగా లాగింది. రెండూ ఒక వరసలో ఉంటే దారం వెనక పళ్లను తాకాలి. తాకలేదు. చిటికెన వేలి గోరంత బయటే ఆగింది. ముందుది బయటికి జరిగింది. యాక్సిల్ పొడుగైతే అంతే. ఈ కొత్త క్రాంకులకు పాత యాక్సిల్ పొడుగై ఉంటుంది. కొత్తది దాచి పాతదే ఉంచాడన్నమాట!

ఎన్నడూ నోరెత్తని పిల్ల ముందుగది గడపలో నిలబడింది.

"అన్నా, నీ బ్యాగుల ఏముంది?"

"టిఫిన్ డబ్బా. ఏం, ఆకలైతుందా?"

"కొత్త యాక్సిల్ దాచిపెట్టినవ్. నేను పోటీకి పోవద్దనే గద!"

అమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఏందే ఆ మాటలు?"

"నోట్ల నాలుక లేదనుకున్న, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నది" అంది కొమురమ్మ.

మిథున్ బ్యాగు తెరిచి పొట్లం ఆమె ముందు పడేశాడు. తుప్పు పట్టిన యాక్సిల్.

"పాతది. సైజు చూపియ్యకుంటే దుకాణపాయన కొత్తది ఎట్ల ఇస్తడే? పోయినసారి ఒచ్చినప్పుడే ఊడదీసి పట్నం పట్టుకపోయి, గిది చూపెట్టి తెచ్చిన. వాకిట్ల పడేస్తే నానమ్మకు గుచ్చుకుంటదని బ్యాగుల ఏసిన."

"మరి చైన్ ఎందుకు పడుతుంది?" గొంతు తగ్గింది గానీ అనుమానం తగ్గలేదు.

అతను పెరట్లోకి నడిచి క్రాంకు ఊడదీశాడు. లోపల యాక్సిల్ చుట్టూ, గ్రీజులో కలిసిపోయి, నల్లదారం మెలికలు మెలికలుగా ఉంది. అది అడ్డుండి క్రాంకు పూర్తిగా లోపలికి ఎక్కలేదు.

"గదా? నేనే కట్టిన" అంది వెనకాలే వచ్చిన కొమురమ్మ. "మిథున్ చాయ్ తాగబోయినప్పుడు. కొత్త సామాను, దిష్టి తగులుతది గద. పైన కడితే పోరి సిగ్గుపడి తెంపుతదని లోపట కట్టిన."

"దిష్టి సంగతేమో గని చైన్ పోయింది అత్తమ్మా!" అమ్మ పడీపడీ నవ్వింది.

మిథున్ నవ్వలేదు. నల్లదారం కోసి పారేసి, పానా చెల్లెలి చేతిలో పెట్టాడు. "నువ్వే బిగించుకో. నేను బిగిస్తే మళ్ల ఏం దాచిన్నో అంటవ్."

సౌమ్య గ్రీజు తుడిచి, క్రాంకు ఎక్కించి, బలమంతా పెట్టి బిగించింది. మళ్లీ తెల్లదారం లాగింది. ఈసారి వెనక పళ్లను మెత్తగా తాకింది. పెడల్ తిప్పితే చైన్ సప్పుడు లేకుండా పారింది. అన్న అప్పటికే వెళ్లిపోయిన ముందుగదికి ఆమె పరుగెత్తింది. తప్పైంది అందామనుకుంది, రేపు వస్తావు కదా అని అడుగుదామనుకుంది. గడప దగ్గరికి రాగానే నోరు మళ్లీ మూతబడింది. చేతిలోని దారం మాత్రం పైకెత్తి చూపించింది.

మిథున్ ఆ దారాన్ని చూశాడు.

"ఇగ నన్ను గూడ కొలుస్తవా?" అని తలుపు వేసుకున్నాడు.