నైట్ చేసొచ్చిన మనిషి

ఈ హిందీ ఊళ్లో, మా సెక్టర్ 6 స్టీలు ప్లాంటు క్వార్టర్లలో ఒక చట్టం ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ మీరరు. ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మగాడు పడుకుంటే ఇల్లంతా నోరు మూసుకోవాలి. కుక్కర్ కూత పెట్టకూడదు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలి. కూరగాయల భయ్యా గేటు దగ్గర కేక వేయబోతే ఇంటావిడ పరుగెత్తుకెళ్లి నోటి మీద వేలు పెట్టి చూపించాలి. మా మామగారు సత్యరాజు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసినంత కాలం మా అత్త ఈ ఇంటిని అలాగే నడిపింది. ఇప్పుడు ఆయన లేరు. కొడుకు డేవిడ్‌రాజ్ అదే ప్లాంటులో రోలింగ్ మిల్లులో ఉన్నాడు. చట్టం కొడుక్కి సంక్రమించింది.

ఆయన పెళ్లాన్నైన నాకు మాత్రం సంక్రమించలేదు. నేనూ నైట్లు చేస్తాను. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల వాడలో ఒక షెడ్డులో, పైన పట్టాల మీద తిరిగే క్రేన్ నడుపుతాను. ఇనుప ప్లేట్లు ఎత్తి ఒకచోటి నుంచి ఇంకోచోట దించడం నా పని. పొద్దున్నే ఇంటికొస్తే నన్ను చూసి ఎవరూ చెప్పులు విప్పరు. "వచ్చావా, సిరికి డబ్బా కట్టీయ్" అంటుంది అత్త. సిరి మా కూతురు, రెండో క్లాసు. టిఫిన్ డబ్బా కట్టి, జడలేసి, బస్సెక్కించి, గిన్నెలు తోమి, పప్పు పొయ్యి మీద పడేసి, అప్పుడు నడుం వాలిస్తే కాసేపటికే మిక్సీ. మిక్సీ ఆగితే టీవీ. మధ్యలో ఎవరో చుట్టం ఫోను. డైసీ ఏదీ, పగలు పడుకుందా, ఒంట్లో బాలేదా అని. ఒంట్లో బాగానే ఉంది తల్లీ, నిద్రే లేదు.

సలహాలకి మాత్రం కొదవ లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చర్చిలో ఒకావిడ బాదంపప్పులు నానబెట్టుకు తినమంది. ఆడబిడ్డ ఊపిరి వ్యాయామం వీడియో పంపింది. పీల్చమంటుంది, వదలమంటుంది. ఆ వీడియో చూసే తీరికే ఉంటే పడుకోనా?

ఇలా నడుస్తుండగా ఒక బుధవారం రాత్రి, ప్లేటు కొక్కేనికి వేలాడుతుండగా నా కన్ను అంటుకుపోయింది. ఒక్క క్షణం. తెరిచేసరికి ప్లేటు ఊగుతోంది, కింద ప్లేట్లకి కొక్కెం తగిలించే సింహాద్రి అన్న రెండు చేతులూ ఊపుతూ పక్కకి దూకుతున్నాడు. దేవుడి దయ, ఆయనకేమీ కాలేదు. నేను క్రేను ఆపి కిందికి దిగొచ్చాను. అన్న నన్నొక్క మాట అనలేదు. ఇంటికెళ్లి నిద్రపో చెల్లీ అన్నాడంతే. మా ఇంటి సంగతి అన్నకేం తెలుసు.

ఆ వారం డేవిడ్‌కీ నైట్లే. మర్నాడు పొద్దున్న ఇద్దరం ఒకేసారి గుమ్మం ఎక్కాం. అత్త అప్పటికే పడగ్గదిలో కర్టెన్లు దించేసింది, ఫ్యాను వేసింది, కాలింగ్ బెల్లు తీగ పీకేసింది. డేవిడ్ కాళ్లూ చేతులూ కడుక్కుని వెళ్లి పడుకున్నాడు. నేనూ వెళ్లి పక్కన పడుకున్నాను.

కాసేపటికి అత్త గుమ్మంలోకొచ్చి గుసగుసగా నా పేరు పిలిచింది. నేను కదల్లేదు. పిల్లకి డబ్బా కట్టవేటి అని ఇంకో గుసగుస. గొంతు పెంచదు, పెంచితే కొడుకు లేస్తాడు. తలుపు కొట్టదు, గిన్నె విసరదు. ఇన్నేళ్లూ తను కాపాడుకొచ్చిన నిశ్శబ్దమే ఆ పూట నాకు కాపలా కాసింది. చేతులు తిప్పుతుంది, కళ్లురుముతుంది, పాతకాలం మూకీ సినిమాలాగా. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఆఖరికి మంచం దాకా వచ్చి నా కాలి బొటనవేలు పట్టుకుని లాగింది.

దాంతో నాకు ఒళ్లు మండింది. లేచి కూర్చుని, ఆ ఇంట్లో నైట్ మర్నాడు ఎవరూ వాడని మామూలు గొంతుతో, "ఏటత్తా, గట్టిగా చెప్పండి" అన్నాను.

డేవిడ్ ఉలిక్కిపడి లేచాడు. అత్త నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "లేపీసింది. నైట్ చేసొచ్చిన మనిషిని లేపీసింది."

నేనేమైనా పెళ్లికెళ్లొచ్చానా అని అడిగాను. అడిగి, రాత్రి జరిగిందంతా చెప్పేశాను. కన్నంటుకుపోవడం, ప్లేటు ఊగడం, సింహాద్రి అన్న దూకడం. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అత్త మంచం అంచున కూలబడింది. భయపడిందనే చెప్పాలి. భయపడి, తనకి తెలిసిన మాటే అంది. "ఈ ఉజ్జోగం మనకొద్దమ్మా, మానీయ్." డేవిడ్ కూడా నిద్ర కళ్లతోనే, కొన్నాళ్లు మానేస్తే తప్పేముందన్నట్టు తలూపాడు.

"మీకు మిల్లులో కన్నంటుకుపోయిందనుకోండి" అన్నాను ఆయనతో. "అత్త మిమ్మల్ని ఉద్యోగం మానమంటారా? పడుకోమంటారు. నన్నూ పడుకోమనండి."

ముందు గదిలోంచి సిరి, దాదీ మేరా టిఫిన్ అని నానమ్మని కేకేసింది. దానికి తెలుగు కంటే హిందీ ముందొస్తుంది. అలవాటుకొద్దీ నా కాళ్లు మంచం దిగాయి. దిగిన కాళ్లని మళ్లీ పైకి లాక్కుని దుప్పటి కప్పుకున్నాను. డేవిడ్ నన్ను చూశాడు, వాళ్లమ్మని చూశాడు, లుంగీ సర్దుకుని వంటింట్లోకి నడిచాడు. నువ్వెందుకురా అంటూ అత్త వెనకాలే వెళ్లింది. మూకుడు కింద పడిన చప్పుడైంది. ఏదో మాడిన వాసనొచ్చింది. నేను లేవలేదు.

లేచేసరికి ఎండ వాలిపోతోంది. ఆ రోజు సిరి డబ్బాలో ఏం వెళ్లిందో నేనిప్పటికీ అడగలేదు.